ఫార్మాట్ చేసినా వైరస్ ఎందుకు తిరిగి వస్తుంది?

సంక్షిప్తంగా: వైరస్ సోకిందన్న బలమైన అనుమానం ఉన్న కంప్యూటర్‌లో డ్రైవ్‌లన్నీ తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించడం ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మదగిన మార్గం. అయితే సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి మిగతావి వదిలేసినా, విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నమ్మదగనిదైనా, పాత ఫైళ్లను చూడకుండా వెనక్కి తెచ్చినా ఆ శ్రమంతా వృథా అవుతుంది. అప్పటికే బయటికి పోయిన పాస్‌వర్డుల విషయంలో ఫార్మాట్ చేయగలిగింది ఏమీ లేదు.

విశాఖపట్నంలో ద్వారకానగర్, డాబాగార్డెన్స్, గాజువాక వంటి చోట్ల ఉన్న కంప్యూటర్ మరమ్మతు దుకాణాలకు వెళ్లి వైరస్ వచ్చిందని చెబితే, ‘సి డ్రైవ్‌లో కావలసినవి ఏమైనా ఉన్నాయా?’ అన్న ప్రశ్న సాధారణంగా ముందు ఎదురవుతుంది. లేవని చెప్పగానే సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, కొత్తగా విండోస్ వేసి, సాయంత్రానికి యంత్రాన్ని అప్పగిస్తారు. నాలుగు రోజులు బాగానే నడిచి, అయిదో రోజు ఫోల్డర్లన్నీ మళ్లీ షార్ట్‌కట్లుగా మారిపోతే, ‘ఫార్మాట్ కొట్టినా పోని మొండి వైరస్’ అన్న మాట పుడుతుంది. నిజానికి ఫార్మాట్‌ను తట్టుకుని నిలబడగల మాల్వేర్ (వైరస్ వంటి హానికర ప్రోగ్రాము) చాలా అరుదు. తిరిగి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఫార్మాట్ తాకని చోటు నుంచే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. అప్పటి నుంచి ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో పాత యంత్రాలను తుడిచి కొత్త వ్యవస్థ ఎక్కించుకోవాలా అన్న ప్రశ్న మరింత తరచుగా వస్తోంది. ఈ ప్రక్రియలో ఏ మెట్టు ఏ పని చేస్తుందో, ఏది చేయలేదో విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు తీరుతుంది.

యాంటీవైరస్ మాటకు ఉన్న హద్దు

యాంటీవైరస్ కూడా ఒక ప్రోగ్రామే. డిస్క్‌లో ఏ ఫైళ్లు ఉన్నాయో, మెమరీలో ఏవి నడుస్తున్నాయో అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకుంటుంది. మాల్వేర్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారాలు చిక్కితే ఆ జవాబునే మార్చగలదు. తన ఫైలు జాబితాలో కనబడకుండా, తన పని మెమరీలో నమోదు కాకుండా చేయగలదు. రూట్‌కిట్లు అనే రకం చేసే పని ఇదే. అలాంటి కంప్యూటర్‌లో స్కాన్ చేయడం, దొంగతనం జరిగిందో లేదో దొంగ రాసిన చిట్టాలో సరిచూసుకున్నట్లు అవుతుంది. విండోస్ మొదలుకాకముందే పనిచేసే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ వంటివి ఈ లోపాన్ని కొంత పూడుస్తాయి.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. స్కాన్‌లో ఒక ఫైలు పట్టుబడిందంటే పట్టుబడినది తెలుస్తుందే గాని, పట్టుబడనివి ఎన్ని ఉన్నాయో తెలియదు. చొరబడిన ప్రోగ్రాము తనతోపాటు మరికొన్నింటిని దింపుకొని ఉండవచ్చు. రోజూ ఒక వేళకు తనను లేపే షెడ్యూల్డ్ టాస్క్‌ను, ఒక సర్వీసును, కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతాను, బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్‌ను పెట్టి ఉండవచ్చు. వీటన్నిటినీ వెతికి తీయడానికి పట్టే సమయంలో మళ్లీ ఎక్కించడమే పూర్తవుతుంది. పైగా వెతికాక కూడా ‘ఇక ఏమీ లేదు’ అని ఖాయంగా అనలేము. చెడ్డదాన్ని వెతకడం మానేసి, మంచిదని తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టడమే పూర్తిగా తుడవడం వెనుక ఉన్న తర్కం.

ప్రతి అనుమానానికీ ఇంత పని అక్కర్లేదు. కంప్యూటర్ నెమ్మదించడం ఒక్కటే వైరస్‌కు గుర్తు కాదు. పాత హార్డ్‌డిస్క్ అరిగిపోవడం, ర్యామ్ చాలకపోవడం, ఫ్యానులో దుమ్ము పేరుకోవడం అంతకంటే మామూలు కారణాలు. సముద్రపు గాలిలోని తేమ, ఉప్పు లోహపు అతుకులను తినేస్తాయి కాబట్టి విశాఖ వంటి తీర నగరంలో వీటి వాటా తక్కువేమీ కాదు. తుడిచే ముందు డిస్క్ ఆరోగ్యాన్ని చెప్పే స్మార్ట్ నివేదికను చూస్తే, చనిపోతున్న డిస్క్‌పై కొత్త విండోస్ ఎక్కించే పొరపాటు తప్పుతుంది. తెర మూలన పదేపదే వచ్చే ‘మీ కంప్యూటర్‌కు 5 వైరస్‌లు సోకాయి’ అన్న ప్రకటనలు చాలావరకు ఏదో వెబ్‌సైటుకు పొరపాటున ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి ఫలితం. ఆ అనుమతి తీసేస్తే అవి ఆగిపోతాయి. మరోవైపు యాంటీవైరస్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ మొదలుకాకపోయినా, తెలియని అడ్మినిస్ట్రేటర్ ఖాతా కనబడినా, బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసినవారికి రిమోట్ యాప్ ద్వారా కంప్యూటర్‌ను అప్పగించినా, ఫైళ్ల పేర్ల చివర కొత్త తోకలు వచ్చి అవి తెరుచుకోకపోయినా తుడవడానికి సందేహించనక్కర్లేదు.

అడంగల్‌లో కొట్టివేసినా పొలంలో పైరు ఉంటుంది

‘ఫార్మాట్’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. త్వరగా ముగిసే క్విక్ ఫార్మాట్, ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. అడంగల్‌లో రైతు పేరు కొట్టివేసినంత మాత్రాన పొలంలోని పైరు మాయం కానట్లే, పాత సమాచారం డిస్క్‌పై అలాగే ఉంటుంది. ఫొటోలు తిరిగి తీసిచ్చే ప్రోగ్రాములు పనిచేసేది అందువల్లనే. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ మాత్రం డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తోంది. డిస్క్‌పార్ట్ అనే ఆదేశ సాధనంలోనూ ఇదే తేడా ఉంది: ‘క్లీన్’ అంటే విభాగాల (పార్టిషన్ల) పట్టికను చెరుపుతుంది, ‘క్లీన్ ఆల్’ అంటే డిస్క్‌లోని ప్రతి సెక్టారునూ, అంటే ప్రతి చిన్న గడినీ, సున్నాలతో నింపుతుంది. సెకనుకు 120 మెగాబైట్ల వేగంతో రాసే 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్‌కు రెండో పని సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది.

మరి వైరస్ కోసం ఏది కావాలి? పట్టికలో పేరు లేని వైరస్ డిస్క్‌పై ఎక్కడో బైట్ల రూపంలో మిగిలి ఉన్నా, దాన్ని పిలిచి నడిపేవారు ఎవరూ లేరు. పిలుపు లేనిదే ఏ ప్రోగ్రామూ తనంతట తాను నడవదు. కాబట్టి విభాగాలన్నిటినీ తొలగించి కొత్తగా ఏర్పరిస్తే, సంక్రమణ వరకు క్విక్ ఫార్మాట్ చాలు. సున్నాలు నింపడం అవసరమయ్యేది కంప్యూటర్‌ను అమ్మేటప్పుడు, పాత సమాచారం ఇతరుల చేతిలో పడకూడదనుకున్నప్పుడు. 1996లో పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు ఆనాటి డిస్క్‌లను దృష్టిలో పెట్టుకుని 35 సార్లు రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. అది నేటికీ నియమంలా ప్రచారంలో ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం నేటి హార్డ్‌డిస్క్‌కు ఒక్కసారి రాయడం సాధారణంగా సరిపోతుంది. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అది అరుగుదలను సమంగా పంచడానికి రాతలను తనకు తోచిన చోట్లకు మళ్లిస్తుంది, కొంత స్థలాన్ని విండోస్‌కు కనబడకుండా దాచుకుంటుంది. అందుకని పైనుంచి సున్నాలు రాయడం కంటే తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ ఆదేశం మేలు.

డి డ్రైవ్‌లో కూర్చున్నది

మన దగ్గర కంప్యూటర్ కొనగానే డిస్క్‌ను సి, డి, ఇ అని ముక్కలు చేయించుకోవడం పాత అలవాటు. విండోస్ చెడిపోతే సి పోయినా డి మిగులుతుందన్న ఊహ దాని వెనుక ఉంది. పాడైన విండోస్ విషయంలో ఆ ఊహ సరైనదే. వైరస్ విషయంలో అదే ఊహ ఎదురు తిరుగుతుంది.

2003లో బయటపడిన శాలిటీ, ఆ తరువాత వచ్చిన విరుట్, రామ్నిట్ వంటివి ఒకచోట కూర్చునే రకాలు కావు. కంప్యూటర్‌లో కనబడిన ప్రతి ప్రోగ్రాము ఫైలులోకి తమ ముక్కను చొప్పిస్తాయి; రామ్నిట్ అయితే వెబ్ పేజీల ఫైళ్లను కూడా వదలదు. డి డ్రైవ్‌లో ‘సాఫ్ట్‌వేర్స్’ అన్న పేరుతో చాలామంది దాచుకునే ఫోల్డర్ వీటికి అచ్చంగా సరిపోయిన చోటు. ప్రింటర్ డ్రైవర్, తెలుగు ఫాంట్ల సెటప్, పాత మీడియా ప్లేయర్ అన్నీ అక్కడే ఉంటాయి. సి డ్రైవ్‌లో కొత్త విండోస్ వేశాక ఎవరైనా మొట్టమొదట తెరిచేది ఆ ఫోల్డరే. వాటిలో ఒక్క సెటప్ ఫైలు నడిపితే చాలు, కొత్త విండోస్ పాతదైపోతుంది. దీన్ని వైరస్ మొండితనం అనడం సరికాదు; యజమానే దాన్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చినట్లు.

పెన్‌డ్రైవ్ సంగతీ ఇంతే. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ ద్వారా వైరస్ నడిచేది. విండోస్ 7 నుంచి ఆ దారి మూసుకుపోయింది, 2011 ఫిబ్రవరిలో పాత వెర్షన్లకూ ఆ మార్పు చేరింది. అప్పటి నుంచి ఎత్తుగడ మారింది: అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో, అదే బొమ్మతో షార్ట్‌కట్లు పెడుతుంది. వాడుకరి ఫోల్డర్ తెరుస్తున్నాననుకుని వైరస్‌ను నడుపుతాడు, ఫోల్డరూ తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం కళాశాల దగ్గరి జిరాక్స్ సెంటర్‌కు వెళ్లిన ఒక పెన్‌డ్రైవ్, అంతకుముందు అదే యంత్రంలో ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెట్టారో వాటన్నిటితో సంబంధం కలుపుకొని ఇంటికి వస్తుంది. కంప్యూటర్ తుడిచి, ఆ పెన్‌డ్రైవ్‌నూ బయటి హార్డ్‌డిస్క్‌నూ అలాగే వదిలేస్తే పని సగమే అయినట్లు.

సి డ్రైవ్ ఫార్మాట్ తాకనిది మరొకటి కూడా ఉంది. కంప్యూటర్ లేవగానే మొదట చదివే చోటు సి డ్రైవ్‌లో ఉండదు. పాత పద్ధతిలో అది డిస్క్‌లోని తొలి 512 బైట్ల సెక్టారు. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ నాటి నుంచే బూట్ సెక్టారు వైరస్‌ల ఇల్లు. కొత్త పద్ధతిలో విండోస్ సెటప్ సాధారణంగా 100 మెగాబైట్ల పరిమాణంతో సృష్టించే చిన్న ఈఎఫ్‌ఐ విభాగం ఆ పాత్ర వహిస్తుంది. 2023 మార్చిలో పరిశోధకులు వివరించిన బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ (విండోస్ కంటే ముందే లేచే మాల్వేర్), నమ్మదగని ప్రోగ్రాముతో కంప్యూటర్ లేవకుండా ఆపే సెక్యూర్ బూట్‌ను సైతం దాటుకుని కూర్చున్నది ఈ విభాగంలోనే. సెటప్ తెరపై సి ని మాత్రమే ఎంచుకుని ఫార్మాట్ చేస్తే ఇది చెక్కు చెదరదు. కనబడే విభాగాలన్నిటినీ ఒక్కొక్కటిగా డిలీట్ చేసి, మొత్తం డిస్క్ ఒకే ఖాళీ స్థలంగా కనబడిన తరువాతే ముందుకు వెళ్లాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

డిస్క్‌కు బయట, మదర్‌బోర్డు చిప్‌లోనే దాక్కునేవీ ఉన్నాయి. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను, అంటే యంత్రాన్ని లేపే తొలి ప్రోగ్రామును, చెరిపేసింది. 2018లో బయటపడిన లోజాక్స్, డిస్క్ మార్చినా పోని మొదటి యూఈఎఫ్‌ఐ (బయోస్ కొత్త రూపం) రూట్‌కిట్లలో ఒకటి. ఇవి ఎంచుకున్న లక్ష్యాలపై ప్రయోగించే ఖరీదైన ఆయుధాలు, సామాన్యుడి ల్యాప్‌టాప్‌లో ఎదురయ్యే అవకాశం బహు తక్కువ. తయారీదారు వెబ్‌సైటు నుంచి బయోస్‌ను నవీకరించడం, సెక్యూర్ బూట్‌ను ఆన్‌లో ఉంచడం చాలు. నవీకరణ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు కాబట్టి ఆ పని యూపీఎస్ మీద చేయాలి.

కొత్త విండోస్ ఎక్కడి నుంచి వచ్చింది

తుడిచిన డిస్క్ ఎంత శుభ్రమైనదైనా, దానిపై ఎక్కేది ఎంత శుభ్రమైతే కంప్యూటర్ అంతే శుభ్రం. ఎవరో మార్పులు చేసిన విండోస్ కాపీ, దానిని లైసెన్సు లేకుండా నడిపించే యాక్టివేటర్ ఇక్కడ అసలు ప్రమాదం. యాక్టివేటర్ నడపాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతుంది. ఏమి చేస్తుందో తెలియని ప్రోగ్రాముకు అడ్మినిస్ట్రేటర్ అధికారాలిచ్చి, కాపలాదారుని పంపేసి, ఆపైన యంత్రం శుభ్రపడిందని నమ్మడంలో అర్థం లేదు. బాధాకరమైన విషయమేమిటంటే చాలామందికి ఆ యాక్టివేటర్ అవసరమే ఉండదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటోంది. అదే ఎడిషన్‌ను మళ్లీ ఎక్కిస్తే ఇంటర్నెట్‌కు కలపగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌తో కొన్న యంత్రంపై దుకాణంలో ప్రో ఎడిషన్ వేసినప్పుడు, డబ్బిచ్చి కొన్న లైసెన్సు మూలన పడి, దొంగ లైసెన్సు నడుస్తూ ఉంటుంది.

సరైన దారి పెద్ద కష్టమేమీ కాదు. వైరస్ సోకని మరో కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుంచి దింపుకున్న మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 గిగాబైట్ల ఖాళీ పెన్‌డ్రైవ్‌ను తయారు చేసుకోవాలి. అనుమానం ఉన్న కంప్యూటర్‌లోనే దాన్ని తయారు చేస్తే ప్రయోజనం పోతుంది. విండోస్ లోపలే ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’ దీనికి దగ్గరి ప్రత్యామ్నాయం. అందులో ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోకపోతే అది డిస్క్‌పై అప్పటికే ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే వ్యవస్థను తిరిగి కడుతుంది. చిన్నపాటి చెడిపోవడాలకు అది సరిపోతుంది గాని, లోతైన అనుమానానికి పెన్‌డ్రైవ్ దారే తగినది.

తుడిచే ముందు, తుడిచిన తరువాత

డిస్క్ తుడిచాక అయ్యో అనుకునేది ఎక్కువగా చోటు తెలియని ఫైళ్ల గురించే. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ సి డ్రైవ్‌లోనివే. ట్యాలీ లెక్కలు చాలాసార్లు సి డ్రైవ్‌లోని పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటాయి. దాని చోటు ట్యాలీలోనే చూసి రాసుకోవాలి. డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లు, ఆ ఫాంట్ల అసలు సెటప్ దొరకకపోతే అర్థంకాని గుర్తులుగా మిగిలిపోతాయి. రేవు చుట్టుపక్కల కస్టమ్స్ పత్రాలు దాఖలు చేసే ఏజెంట్లు, జీఎస్టీ రిటర్నులు వేసే కార్యాలయాలు వాడే డిజిటల్ సంతకపు టోకెన్‌కు మాత్రం భయం లేదు. తాళం టోకెన్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో మళ్లీ వేయాల్సింది దాని డ్రైవరే. డిస్క్‌ను తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు.

ఫైళ్లను కాపీ చేయడానికి విండోస్‌ను లేపకుండా, ఉబుంటు లేదా మింట్ వంటి లినక్స్‌ను (విండోస్‌కు బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే విండోస్ వైరస్ నిద్రలోనే ఉంటుంది. కాపీ చేయాల్సినవి పత్రాలు, ఫొటోలు, లెక్కలు మాత్రమే. సెటప్ ఫైళ్లను వదిలేయాలి, వాటిని తయారీదారు దగ్గర మళ్లీ తెచ్చుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు అనే చిన్న ప్రోగ్రాములు దాగి ఉండవచ్చు కాబట్టి వాటిని కొత్త వ్యవస్థలో నవీకరణలు, స్కాన్ అయ్యాకే తెరవాలి, మాక్రోలను అనుమతించకూడదు. కాపీ ఒక్కటే ఉంటే అది కాపీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేని విశాఖ నగరానికి, కంప్యూటర్ పక్కనే పెట్టిన బ్యాకప్‌కు వరద నీటి ముందు ఎంత విలువ ఉంటుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఒక కాపీ ఇంట్లో ఉంటే మరొకటి వేరే చోట లేదా క్లౌడ్‌లో ఉండాలి.

ఎక్కించిన వెంటనే చేయాల్సినది నవీకరణ. నెట్‌వర్క్ ద్వారా తమంతట తామే పాకే పురుగులైన 2003 నాటి బ్లాస్టర్, 2004 నాటి సాసర్ రోజుల్లో ప్యాచ్ (లోపాన్ని పూడ్చే నవీకరణ) లేని విండోస్ ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు నేరుగా కలిపితే, ప్యాచ్ దిగేలోగానే పురుగు సోకేది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై 2017 మే 12న మొదలైంది; అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, ప్యాచ్ ఇచ్చింది. ఆ ప్యాచ్ వేసుకోని యంత్రాలే బలయ్యాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. ఈ లెక్కన మద్దతు ముగిసిన విండోస్ 10ను మళ్లీ తాజాగా ఎక్కించడం గోడలు శుభ్రంగా ఉన్నా తలుపు లేని ఇల్లు కట్టడమే. పొడిగించిన భద్రతా నవీకరణల పథకం ఇళ్లలోని వాడుకరులకు 2026 అక్టోబరు 13 వరకే. యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, విండోస్ 11కు తగిన ప్రాసెసర్ ఉంటే విండోస్ 11, లేకపోతే లినక్స్ ఆలోచించదగినవి. ఇంత చేసినా బ్రౌజర్ తప్పుడు సైట్లకే మళ్లుతుంటే కంప్యూటర్‌ను వదిలి రౌటర్‌ను చూడాలి. అందులో ఏ వెబ్‌సైటు ఎక్కడుందో చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ల చిరునామాలు మారి ఉంటే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఒకటే.

కార్యాలయాల్లో తొందర ఎందుకు కూడదు

ఇంటి కంప్యూటర్‌ను వెంటనే తుడవవచ్చు. డబ్బు పోయిన కేసులో, కార్యాలయ నెట్‌వర్క్‌లో అలా చేస్తే సాక్ష్యం పోతుంది. ఎలా చొరబడ్డారో తెలియకుండా ఒక యంత్రాన్ని తుడిస్తే, అదే నెట్‌వర్క్‌లోని రెండో యంత్రం నుంచి మళ్లీ సోకుతుంది. ముందు నెట్‌వర్క్ కేబుల్ తీసి, డిస్క్ మొత్తానికి ప్రతిరూపం తీసి ఉంచుకోవాలి, లేదా పాత డిస్క్‌ను అలాగే తీసి పక్కన పెట్టి కొత్త డిస్క్‌పై పని మొదలుపెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు నిర్దేశించిన రకాల సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోగా నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆర్థిక మోసం జరిగితే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయడం ఫార్మాట్ కంటే ముందు చేయాల్సిన పని.

పోయిన తాళాలు

ఇటీవలి సంవత్సరాల్లో కంప్యూటర్లలోకి చొరబడే మాల్వేర్‌లో పెద్ద వాటా సమాచారం దొంగిలించే రకానిది. రెడ్‌లైన్, లుమ్మా వంటివి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను, లాగిన్ అయి ఉన్నట్లు గుర్తుపెట్టే కుకీలను నిమిషాల్లో ఊడ్చుకుని పంపేస్తాయి. కొన్ని ఆ తరువాత తమను తామే చెరిపేసుకుంటాయి. కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని లేకుండానే ఖాతాలోకి వెళ్లవచ్చు. డిస్క్ తుడిచే సమయానికి దొంగ ఇంట్లో లేడు, తాళాలతో బయట ఉన్నాడు. ఇంటికి సున్నం వేసినంత మాత్రాన ఆ తాళాలు పనిచేయకుండా పోవు.

కాబట్టి ఆ కంప్యూటర్ తుడిచేదాకా ఆగకుండా, శుభ్రమైన ఫోన్ నుంచి ముందు ఈమెయిల్‌కు, తరువాత బ్యాంకుకు, ఆపైన మిగతా ఖాతాలకు పాస్‌వర్డులు మార్చాలి. ఈమెయిల్ మొదట ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డులనూ దాని ద్వారానే మార్చగలరు. మార్చడంతోపాటు ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ అన్నది కూడా నొక్కితేనే దొంగిలించిన కుకీలు చెల్లకుండా పోతాయి. ఈమెయిల్‌లో ఎవరైనా ఫార్వర్డింగ్ నియమం పెట్టి ఉంటే, రికవరీ ఫోన్ నంబరు మార్చి ఉంటే వాటిని సరిచేయాలి. చివరిగా, కొత్త విండోస్‌లో బ్రౌజర్‌కు పాత ఖాతాతో సింక్ ఆన్ చేసే ముందు ఎక్స్‌టెన్షన్ల జాబితాను ఒకసారి చూడాలి. తుడిచేసిన డిస్క్‌లో ఉన్న చెడ్డ ఎక్స్‌టెన్షన్ సింక్ ద్వారా, ఎవరూ పిలవకుండానే, కొత్త బ్రౌజర్‌లోకి మళ్లీ దిగుతుంది.